ఛాడఖాయి నాడు కూడా జారిపోని అలవాటు ఎలా చేసుకోవాలి

కార్తీక పౌర్ణమి మర్నాడు దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం చేపల బజార్లు తెల్లారేసరికే కిక్కిరిసిపోతాయి. ఒడియా వాళ్లకు ఆ రోజు ఛాడఖాయి. నెల్లాళ్లూ నీసు ముట్టని ఇళ్లలో ఆ పూట చేపో మాంసమో ఉడకాల్సిందే. ఇక్కడి మన తెలుగిళ్లలో అప్పటికి కార్తీకం సగమే అయింది. వాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో. పక్కింటి చేపల పులుసు వాసన గోడ దాటి వస్తున్నా మన వంటింట్లో కందాబచ్చలి ఉడుకుతూనే ఉంటుంది. ఎవరైనా పిలిస్తే "పోలి పాడ్యమి దాకా మేం తినం" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాం. అందులో బాధా లేదు, గొప్పా లేదు.

ఆరోగ్యపు అలవాటు గురించి తెలియాల్సిన సంగతుల్లో సగం ఈ పదిహేను రోజుల్లోనే ఉంది. "తినకూడదు" అనుకునే మనిషి గంటగంటకూ తనతో తాను పోట్లాడుతుంటాడు. "మేం తినం" అనేసిన ఇంట్లో పోట్లాటే ఉండదు. మిగతా సగం సంగతి పోలి పాడ్యమి దాటాక కనిపిస్తుంది. గడువు తీరగానే మనమూ చేపల బజారుకే పరిగెడతాం. 41 రోజుల దీక్షలో చుక్క ముట్టని మనిషి మాల తీసిన సాయంత్రమే మళ్లీ సీసా పట్టుకోవడం చూస్తూనే ఉన్నాం. దీక్షలో తప్పు లేదు. దాని పని అది చేసింది. గడువున్న నియమం గడువు దాకే నిలుస్తుంది. బీపీ, షుగరు, నోటి పుండు గడువు చూసి ఆగవు కాబట్టి వాటికి కావాల్సిన అలవాటును వేరే రకంగా కట్టుకోవాలి. ఎలాగో వరసగా చూద్దాం.

మొదట గడువు కొట్టేయండి

"ఉగాది నుంచి మొదలుపెడతా", "21 రోజులు చేస్తే అదే అలవాటవుతుంది" అన్న రెండు మాటలూ పక్కన పెట్టండి. 21 రోజుల మాటకు గట్టి ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకుని, దాన్ని రోజూ ఒకే సందర్భంలో చేస్తూ 12 వారాలు రాసుకున్నారు. ఆలోచించకుండానే ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషినీ పనినీ బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని లెక్క తేలింది. అంటే 22వ రోజున కూడా మీకు పొద్దున్నే లేవడం కష్టంగానే ఉంటే మీలో లోపమేమీ లేదు. ఇంకా మధ్యలో ఉన్నారంతే.

గడువు తీసేశాక ఒక వాక్యం రాసుకోండి. అది మీ ఇంటి గురించి చెప్పే మాటలా ఉండాలి. "మా ఇంట్లో టీలో పంచదార తక్కువే." "మాది పొద్దున్నే నడిచే ఇల్లు." "మేం గుట్కా ముట్టం." ఇలాంటి మాటలు మన నోటికి సులువుగా వస్తాయి, ఎదుటివాళ్లూ రెట్టించి అడగరు. "బరువు తగ్గాలి", "ఆరోగ్యంగా ఉండాలి" అని రాసుకుంటే రేపు పొద్దున లేచి ఏం చేయాలో ఆ వాక్యం చెప్పదు.

ఒక్కటే పని, జ్వరంలో కూడా చేయగలిగేంత చిన్నది

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ఒకే సోమవారం నడక, పంచదార మానడం, రాత్రి చపాతీ, ధ్యానం అన్నీ మొదలుపెడతారు. గురువారానికి ఒకటి జారుతుంది, దాని వెంట మిగతావీ పోతాయి. పోయాక "నా వల్ల కాదు" అన్న నమ్మకం మరింత గట్టిపడుతుంది. నష్టమల్లా ఆ నమ్మకమే. రెండోసారి మొదలుపెట్టడానికి కాలు కదలనివ్వదు.

ఒక్కటి ఎంచుకోండి. అది సరిపడా చిన్నదో కాదో తెలియడానికి ఒక పరీక్ష ఉంది. పెళ్లింట్లో ఉన్నప్పుడు, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు, కరెంటు లేనప్పుడు కూడా అది చేయగలరా? లేరంటే ఇంకా తగ్గించండి. మూడు ఉదాహరణలు లెక్కలతో సహా ఇస్తున్నాం. మీ ఇంటికి పనికొచ్చేది తీసుకోండి.

టీ. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార అనుకుందాం. అంచు దాకా గీసిన చెంచాకు 4 గ్రాముల లెక్కన రోజుకు 32 గ్రాములు, నెలకు దాదాపు కిలో, అదీ ఒక్క మనిషికి. ఒక్కసారిగా మానేస్తే మూడో రోజుకు టీ చేదు మందులా అనిపించి వదిలేస్తారు. అందుకని పదిహేను రోజులకోసారి పావు చెంచా తగ్గించండి. రెండు నుంచి అర చెంచాకు రావడానికి ఆరు మెట్లు, మూడు నెలలు. నాలుక అంత నిదానంగా మారితే తేడా తెలియదు. మూడు నెలల తర్వాత బస్టాండులో పాత తీపి టీ తాగి చూడండి, పాకంలా అనిపిస్తుంది. కళ్లతో అంచనా వేసి చల్లొద్దు, చెంచా గీసి కొలవండి. బయట తాగే టీలో పంచదార మన చేతిలో ఉండదు కాబట్టి, లెక్క కుదరకపోతే బయటి టీని ఒకటికి పరిమితం చేసుకోండి.

ఉప్పు. ఒక మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ చెంచా, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థా, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థా చెబుతున్నాయి. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. ఇప్పుడు మీ ఉప్పు ప్యాకెట్ చూడండి. తెరిచిన రోజే పెన్నుతో దాని మీద తేదీ వేయండి. మొదటి ప్యాకెట్ అయ్యేదాకా ఏమీ మార్చకండి, ఎన్నాళ్లు వచ్చిందో రాసుకోండి. కిలో ప్యాకెట్ నలుగురికి 30 రోజులకే అయిపోతే తలా రోజుకు 8 గ్రాములు దాటినట్టు. పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపల్లో ఉన్నది దీనికి అదనం. తర్వాత వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ అయిదు రోజులు ఎక్కువ వచ్చేలా సాగదీయండి: 35, 40, 45, 50. యాభై రోజులు వచ్చిందంటే ఆ కిలో నుంచి తలా 5 గ్రాములే పడింది.

సాగదీయడం ఎలాగంటే, మొదట భోజనాల దగ్గర ఉప్పు గిన్నె తీసేయండి. చద్దన్నంలో, గంజిలో, తరవాణిలో ఉప్పు వేసుకునే అలవాటును ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసం మీదికి మళ్లించండి. పులుపు తగిలితే ఉప్పు తక్కువైన సంగతి నాలుక అంతగా పట్టించుకోదు. ఊరగాయ ఉన్న పూట పప్పులో ఉప్పు సగం వేయండి. వాడేది అయోడిన్ ఉప్పే కావాలి. ఒక హెచ్చరిక. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టరును అడగకుండా అది తేవద్దు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, చుట్టాలున్న ఇళ్లు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి. ఆ రోగులు ఎన్ని నీళ్లు తాగాలన్నది కూడా డాక్టరే చెప్పాలి. "నీళ్లు ఎక్కువ తాగితే మంచిదే" అనే సలహా వాళ్లకు పనికిరాదు.

నడక. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ అంకె చూసి మొదటిరోజే గంట నడవకండి, నాలుగో రోజుకు పిక్కలు పట్టేస్తాయి. మొదటి రెండు వారాలు చెప్పులేసుకుని వీధి చివరికి వెళ్లి రావడమే, అయిదు నిమిషాలు. ఎక్కువ నడవాలనిపించినా ఆపేయండి. "ఇంకొంచెం నడిస్తే బావుండు" అనిపించిన దగ్గర ఆగితే రేపు మళ్లీ కాలు బయటికి పడుతుంది. రెండు వారాలకోసారి అయిదు నిమిషాలు పెంచితే పదకొండో వారానికి అరగంట అవుతుంది. వారానికి అయిదు రోజులు అరగంట నడిస్తే 150 వచ్చేసినట్టే. పర్లాకిమిడిలో మహేంద్రతనయ గట్టున నడిచినా, గుణుపురంలో వంశధార ఒడ్డున నడిచినా వేగానికి గుర్తు ఒక్కటే. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు జేబులో మూడు నాలుగు చెంచాల గ్లూకోజు పొట్లం ఉంచుకోండి. చెమటలు పట్టి చేతులు వణికితే నడక ఆపి అది వేసుకోవాలి.

కొత్త పనిని పాత కొయ్యకు తగిలించడం

పంచలో గోడకు దిగ్గొట్టిన కొయ్యకు ఏం తగిలించినా నిలుస్తుంది. రోజూ తప్పకుండా జరిగే పనులు అలాంటి కొయ్యలు. తులసికోటకు నీళ్లు పోయడం, షాపు షట్టరు ఎత్తడం, పిల్లల్ని బడి దగ్గర దింపడం, రాత్రి గేటుకు తాళం వేయడం. కొత్త పనిని వీటిలో ఒకదాని వెనకే పెట్టండి. "షట్టరు ఎత్తగానే గ్లాసుడు నీళ్లు." "పిల్లను దింపి వచ్చేటప్పుడు బజారు చుట్టూ తిరిగి ఇంటికి." "గేటుకు తాళం వేశాక పళ్లు తోముకోవడం, ఆ తర్వాత నోట్లో ఏమీ వేసుకోకపోవడం." ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత అన్నది ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్నది చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలోనే చూపించారు. ఆ తర్వాత చాలామంది పరీక్షించినా అదే తేలింది.

వంటింట్లో ఉండే ఒక మంచి కొయ్య చాలామంది కంటపడదు. పాలు పొయ్యి మీద పెట్టాక పొంగేదాకా అక్కడే నిలబడతారు కదా. కళ్లు గిన్నె మీదే, చేయి గట్టు మీదే. ఆ మూడు నాలుగు నిమిషాలు రెండు మడమలూ పైకెత్తి, రెండు లెక్కపెట్టి, నిదానంగా దించండి. మొదటి వారం పది సార్లు, తర్వాత పదిహేను, ఇరవై. పిక్కలకు బలం వస్తుంది. పొయ్యి దగ్గర గంటలు గంటలు నిలబడేవాళ్లకు కాళ్లు లాగడమూ తగ్గుతుంది. దానికంటూ వేరే టైము అక్కర్లేదు, పాలు కాయని రోజు ఉండదు.

కొయ్య వదులుగా ఉంటే అలవాటు జారిపోతుంది. "సాయంత్రం ఖాళీ దొరికినప్పుడు" అన్నది కొయ్యే కాదు. "ఆరింటికి" అన్నది కూడా షాపు నడిపేవాళ్లకు, బస్సులూ రైళ్లూ పట్టుకుని తిరిగేవాళ్లకు నిలవదు. ఆరింటికి గిరాకీ వచ్చిందంటే ఆ రోజుకు అంతే. గడియారం కన్నా పనినే నమ్ముకోండి.

చేతికి అందేది మార్చండి

గుట్కా, ఖైనీ, చుట్ట. ఇక్కడ మనసును ఎంత గట్టి చేసుకున్నా జేబులో పొట్లం ఉంటే ఓడిపోతారు. ముందు జేబు, బండి డిక్కీ, దిండు కింద, షాపు గల్లాపెట్టె అన్నీ ఖాళీ చేయండి. రోజూ పొట్లం కొనే బడ్డీ ఏ దారిలో ఉందో ఆ దారి నెల్లాళ్లు మార్చండి. తినాలన్న తహతహ వచ్చినప్పుడు అది గంటలకొద్దీ ఉండదు, అయిదు పది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ కాసేపు నీళ్లు గుటకగుటకగా తాగండి, నోట్లో లవంగమో సోంపో వేసుకోండి, ఎవరికైనా ఫోన్ చేయండి. గుట్కా మాని వక్కపొడికి మారితే బయటపడ్డామనుకునేవాళ్లు చాలామంది. వక్క ఒక్కటే చాలు నోటి క్యాన్సర్‌కు, పొగాకు కలవాల్సిన పనిలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2004లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ కాల్చే పెద్దవాళ్లు మన శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను కోప్పడకుండా, నెలకోసారి పగటి వెలుతురులో అంగిలి చూడండి. తెల్ల మచ్చో, రెండు వారాలైనా మానని పుండో కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొగాకు మానడానికి డబ్బు ఖర్చు లేకుండా ఫోన్‌లో సలహా ఇచ్చే జాతీయ నంబరు 1800-11-2356.

మద్యం విషయం వేరు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్లు, మతి తప్పడం రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. వాళ్లు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేయడం ప్రమాదం.

తప్పిన రోజు

తప్పుతుంది. బరంపురం ఠాకురాణీ యాత్రకు చుట్టాలు దిగిన వారం, ఊడ్పుల రోజులు, పిల్లాడి పరీక్షలు, వైశాఖపు పెళ్లిళ్లు, ఏదో ఒకటి అడ్డొస్తుంది. ఇందాకటి లండన్ అధ్యయనంలోనే ఇంకో సంగతి తేలింది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ముదరడం పెద్దగా దెబ్బతినలేదు. దెబ్బతీసేది తప్పిన రాత్రి మనలో మనం అనుకునే మాట. "పోయింది కదా, ఇక సోమవారం నుంచి చూద్దాం" అన్నామంటే ఒక రోజు కాస్తా వారం అవుతుంది.

అందుకని నియమం ఒక్కటే పెట్టుకోండి: వరసగా రెండో రోజు తప్పకూడదు. రెండో రోజుకు కనీసం ఎంత చేయాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి. అరగంట నడక కుదరకపోతే గుమ్మం దాకా పది సార్లు. వాన పడుతుంటే పంచలో. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరు లోపే నడక ముగించాలి. ఎండ ముదిరాక నడిస్తే వడదెబ్బ తప్ప ఒరిగేదేమీ లేదు.

2013 అక్టోబరులో గంజాం జిల్లా గోపాలపురం దగ్గర ఫైలిన్ తుఫాను, 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాయి. వాటిని చూసిన ఊళ్లకు మళ్లీ మొదలుపెట్టడం ఒకరు నేర్పక్కర్లేదు. తుఫాను మర్నాడు ఎవరూ మేడ కట్టడంతో మొదలుపెట్టరు, మూడు రాళ్లు పెట్టి ముందు పొయ్యి రాజేస్తారు. జబ్బు పడి లేచాక, ఇంట్లో చావు జరిగాక, నెల్లాళ్లు అలవాటు పోయిందంటే మీరూ అలాగే చేయండి. ఆపిన చోటు నుంచి కాకుండా మొదటి వారపు అయిదు నిమిషాల నుంచి ఎత్తుకోండి.

ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది

"నాకు ఆత్మవిశ్వాసం తక్కువ, అది వస్తే అన్నీ చేస్తాను" అని ఎదురుచూసేవాళ్లుంటారు. అది అలా రాదు. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా ఈ పని నా వల్ల అవుతుందన్న నమ్మకం మనిషికి ఎలా వస్తుందో 1977లో నాలుగు దారులుగా చెప్పారు. స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేయగా చూడటం, నమ్మకమున్న మనిషి చెప్పే మాట, ఒంట్లో గుండెదడ వంటి సూచనలను మనం అర్థం చేసుకునే తీరు. నాలుగింటిలో బలమైనది మొదటిదే. ఎవరెంత మెచ్చుకున్నా, పొద్దున్నే మీరు వేసుకున్న చెప్పులు ఇచ్చేంత నమ్మకం ఇవ్వలేరు.

ఈ జిల్లాల్లో మన వాళ్ల ధైర్యం ఎక్కువగా తగ్గేది భాష దగ్గర. ఇంట్లో తెలుగు, బజారులో రెండూ, ఆఫీసులో ఒడియా. తహసీలు కార్యాలయంలోనో బ్యాంకులోనో ఒక ప్రశ్న అడగాల్సి వస్తే పక్కింటబ్బాయిని వెంటబెట్టుకుని పోతాం. అతను మాట్లాడతాడు, మనం వెనక నిలబడతాం. పని అవుతుంది. కానీ భయం తగ్గదు. "అతను లేకపోతే అయ్యేది కాదు" అని మనసు ఇంకో ముడి వేసుకుంటుంది. తోడును తీసుకెళ్లొచ్చు, మాట మాత్రం మీదే కావాలి. తోడు గుమ్మం బయట ఉండాలి.

దీనికి నిచ్చెన కట్టుకోండి. మొదటి మెట్టు కూరగాయల బండి దగ్గర ధర ఒడియాలో అడగడం, "కేతే?" అంటే చాలు. రెండోది బస్టాండులో బండి ఎన్నింటికో అడిగి, జవాబు మళ్లీ చెప్పించుకోవడం. మూడోది బ్యాంకులో డబ్బు తీసే కాగితం మీరే నింపి, ఒక్క ప్రశ్న అడగడం. నాలుగోది ఆఫీసులో ధ్రువపత్రం కోసం వెళ్లడం. అయిదోది బడిలో తల్లిదండ్రుల సమావేశంలో లేచి ఒక మాట చెప్పడం. ప్రతి మెట్టు మీదా కనీసం మూడుసార్లు నిలబడండి. మొదటిసారి గుండె దడదడలాడుతుంది, నోరెండుతుంది. దాన్ని "నాకు చేతకాదు" అని చదువుకోవద్దు. ఒళ్లు పనికి సిద్ధమవుతోంది, అంతే. మూడోసారికి దడ సగానికి తగ్గిందంటే పై మెట్టుకు వెళ్లండి. తగ్గకపోతే అదే మెట్టు మీద ఇంకో మూడుసార్లు.

నాలుగో మెట్టుకు కాస్త తయారీ కావాలి. చెప్పాల్సింది మూడు వాక్యాల్లో తెలుగు అక్షరాల్లోనే ఒడియా రాసుకోండి: పేరు, ఏ కాగితం కావాలి, ఏవేవి తెచ్చారు. ముందు రాత్రి అయిదుసార్లు పైకి చదవండి. నాలుగో వాక్యంగా ఇది తప్పకుండా పెట్టుకోండి: "ఆజ్ఞా, టికే ధీరే కుహంతు." అయ్యా, కాస్త నిదానంగా చెప్పండి అని. అర్థం కానప్పుడు తలూపి బయటికి వచ్చేయడం వల్లే రెండోసారి వెళ్లడానికి భయం. ఈ ఒక్క వాక్యం ఉంటే తలూపాల్సిన అవసరం రాదు. ఉచ్చారణలో తప్పు దొర్లితే ఎదుటివాళ్లు నవ్వొచ్చు. నవ్వినా పని జరిగితే క్యాలెండర్ మీద గుర్తు పడాల్సిందే, ఎందుకంటే ఆ రోజు లెక్క "మాట్లాడానా లేదా" అన్నదే, ఎంత బాగా మాట్లాడానన్నది లెక్కలో లేదు.

బందూరా చెప్పిన రెండో దారికి మన ఊళ్లోనే మనిషి ఉన్నాడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. పుస్తకాలు లేని భాష. ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాట అడిగి నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. అయితే చూసి ధైర్యం తెచ్చుకోవడానికి అంత పెద్దవాళ్లే అక్కర్లేదు. మీ వీధిలో నిరుడు ఒడియాలో తడబడి ఇవాళ సాఫీగా మాట్లాడే ఆవిడ ఇంకా మేలు. మీకూ ఆవిడకూ దూరం తక్కువ. వెళ్లి మొదట్లో ఏం చేసేవారో అడగండి.

పిల్లలది దీనికి తిరగేసిన కష్టం. ఒడియా మీడియంలో చదివి, తెలుగు మాట్లాడగలిగీ చదవలేక, శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్తే ఓ మూల కూర్చుంటారు. రాత్రి గేటుకు తాళం వేశాక తెలుగు పేపరులో అయిదు వరసలు పైకి చదివించండి. తప్పులు దిద్దకండి, మీరొకసారి సరిగ్గా చదివి వినిపించండి. అయిదు వరసలు దాటనివ్వకండి.

ఇంట్లో వాళ్లతో

ఉప్పు తగ్గించిన మొదటి వారం అత్తగారు ఊరుకోరు. "ఏటమ్మా, పప్పులో ఉప్పేసినావా నేదా?" అంటారు. వాదన పెట్టుకుంటే ఓడిపోతారు. "ఏసినానత్తా. డాక్టరుబాబు మావయ్యకి తగ్గించమన్నారు గదా. నిమ్మకాయ పిండుతాను, సూడండి" అని నిమ్మచెక్క అందించడం మేలు. వాళ్లకు కావాల్సింది రుచి, అది వేరే దారిలో అందిందంటే గొడవుండదు. తాగుడుకు పిలిచే బావకు కారణాలు వివరిస్తూ కూర్చోవద్దు, ప్రతి కారణానికీ ఆయన దగ్గర ఒక జవాబుంటుంది. "నేను మానేసినాను బావా, టీ తాగుదాం పద" అని ముందు మీరే లేవండి.

కొత్త అలవాటు గురించి ఊరందరికీ చెప్పకండి. ఒక్కరికి చెప్పండి, రోజూ "చేశావా" అని అడిగే మనిషికి. దెప్పే మనిషికి మాత్రం వద్దు. "నీ నడక నాలుగు రోజులే కదా" అన్న మాట తప్పిన రాత్రి చెవిలో మోగుతుంది.

లెక్క, దానికి హద్దు

గోడ మీది క్యాలెండర్‌లో చేసిన రోజున గీత పెట్టండి. చేయని రోజును ఖాళీగా వదిలేయండి, ఎర్ర గుర్తులు పెట్టొద్దు. బరువు వారానికి ఒక్కసారే, ప్రతి వారం అదే రోజున, పొద్దున ఏమీ తినకముందు, అదే తూకం మీద చూడండి. రోజూ చూస్తే నీళ్ల తేడాకే అరకిలో అటూఇటూ అయి మనసు విరిగిపోతుంది. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, అరగంట ముందు నుంచి టీ, పొగాకు ఉండకూడదు. మూడు నెలల షుగరు పరీక్షను పేరుకు తగ్గట్టు మూడు నెలలకే చేయించండి. నెలకే చూసి "ఏం తగ్గలేదు" అని మానేసేవాళ్లు చాలామంది. అంకెలు మెరుగైనా మందులు మీరుగా ఆపొద్దు.

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేక, నిద్ర పట్టక, ఏడుపొస్తూ, బతకడం దండగ అనిపిస్తుంటే దాన్ని బద్ధకం అనుకోవద్దు, అలవాట్లతో సరిచేయాలని చూడొద్దు. అది జబ్బు కావచ్చు, దానికి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

రెండో అలవాటు ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారు. తేదీ చెప్పలేం గానీ గుర్తు చెప్పగలం. ఏదో ఒక రాత్రి క్యాలెండర్ ముందు పెన్ను పట్టుకుని నిలబడతారు, ఇవాళ మడమలు ఎత్తారో లేదో గుర్తుకు రాదు. ఎత్తే ఉంటారు, పాలు కాశారు కదా. గీత పెట్టేసి, ఆ మర్నాడే రెండోది మొదలుపెట్టండి.